360 డిగ్రీల పనోరమా: కుట్టు కనబడకుండా ఒక మండపాన్ని మొత్తంగా పట్టడం ఎలా

లేపాక్షి వీరభద్రాలయం నాట్య మండపంలో నిలబడితే చుట్టూ రాతి స్తంభాల మీద నర్తకులు, వాద్యకారులు. తలెత్తితే కప్పు మీద పదహారో శతాబ్దపు వర్ణచిత్రాలు. స్తంభాల సందుల్లోంచి కళ్లు చెదిరే ఎండ. ఎంత వెడల్పు లెన్స్ పెట్టినా మామూలు ఫొటోలో వీటిలో ఒకటో రెండో పడతాయి, మిగతావి ఫ్రేము బయటే ఉండిపోతాయి. చుట్టూ, పైనా, కిందా అన్నీ చూపించే గోళాకార పనోరమా ఇలాంటి చోటికి సరిగ్గా అతుకుతుంది. కెమెరాను ఒకే బిందువు చుట్టూ తిప్పుతూ తీసిన ఫ్రేములను సాఫ్ట్‌వేర్‌తో కలిపి కుడితే వచ్చేది అదే. కానీ తీయడానికి ఇంతకన్నా మొండి చోటు కూడా ఉండదు. చేయి చాపితే అందే స్తంభాలు, చీకటి కప్పు, మండే ప్రాంగణం, ఆగకుండా తిరిగే జనం. అందుకే ఈ మార్గదర్శికి ఆ మండపాన్నే ఉదాహరణగా తీసుకున్నాం. అక్కడ కుదిరిన పద్ధతి గోల్కొండ కోట మీద, మీ ఇంటి హాల్లో ఇంకా సులువుగా కుదురుతుంది.

ముందే ఒక మాట. ఎక్స్‌పోజర్‌లో చిన్న తేడా, వంకరపోయిన క్షితిజం, లెన్స్ అంచుల్లో చీకటి... ఇవన్నీ సాఫ్ట్‌వేర్‌లో చక్కబెట్టుకోవచ్చు. కెమెరా తప్పు బిందువు చుట్టూ తిరిగితే మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. కాబట్టి ఓపికంతా ట్రైపాడ్ దగ్గర ఖర్చుపెట్టండి.

చివరికి చేతికొచ్చే ఫైలు

గోళాకార పనోరమా ఈక్విరెక్టాంగ్యులర్ రూపంలో ఉంటుంది. అడ్డంగా 360 డిగ్రీలు, నిలువుగా 180 డిగ్రీలు. అందుకే వెడల్పు ఎప్పుడూ ఎత్తుకు సరిగ్గా రెట్టింపు. ఈ 2:1 నిష్పత్తి ఒక్క పిక్సెల్ తప్పినా కొన్ని వెబ్‌సైట్లు దాన్ని 360 ఫొటోగా గుర్తించవు. ఫైలు పైఅంచు వరస మొత్తం నడినెత్తిన ఉన్న ఒకే బిందువు, కిందిఅంచు వరస మొత్తం పాదాల కింద ఉన్న ఒకే బిందువు. పై బిందువును జెనిత్ అని, కింది బిందువును నాదిర్ అని పిలుస్తారు. చూసేవారి తెర మీద ఒకసారికి దాదాపు 90 డిగ్రీలే కనిపిస్తాయి కాబట్టి మీ ఫైలు వెడల్పులో నాలుగో వంతే వారికి నిజంగా అందుతుంది.

మీ కెమెరా, లెన్స్ జోడీ ఎంత వెడల్పు ఇస్తుందో ముందే లెక్కగట్టవచ్చు. లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ను సెన్సర్ మీది ఒక్క పిక్సెల్ సైజుతో భాగించి 6.28తో గుణించండి. 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ (35 మి.మీ. ఫిల్మ్ సైజు) సెన్సర్‌లో పిక్సెల్ దాదాపు 0.006 మిల్లీమీటర్లు. 15 మి.మీ. ఫిష్ ఐ (గీతలను వంచుతూ చాలా వెడల్పుగా చూపే లెన్స్) పెడితే 15 ÷ 0.006 = 2,500, దాన్ని 6.28తో గుణిస్తే 15,700 పిక్సెల్స్. అంటే 90 డిగ్రీల చూపుకు దాదాపు 3,900 పిక్సెల్స్. 4కే తెర నిండుతుంది. ఒక్క క్లిక్కుతో 360 తీసే రెండు లెన్సుల కెమెరాల్లో మంచిదని పేరున్న రికో థీటా జెడ్1 ఇచ్చేది 6,720 × 3,360. అంటే 90 డిగ్రీలకు 1,680. ఫోన్‌లో చూడ్డానికి చాలు. స్తంభం మీది శిల్పం దగ్గరికి జూమ్ చేస్తే చాలదు.

సామాను

కెమెరాకు పూర్తి మాన్యువల్ మోడ్, రా ఫైలు (సెన్సర్ పట్టిందంతా మార్చకుండా దాచేది), ఎక్స్‌పోజర్ బ్రాకెటింగ్ (ఒకే ఫ్రేమును వేర్వేరు ఎక్స్‌పోజర్లతో వరసగా తీయడం) ఉంటే చాలు. మోడల్ కొత్తదా పాతదా అన్నది ముఖ్యం కాదు. పదేళ్ల నాటి బాడీ, మంచి పనో హెడ్ (కెమెరాను ఒకే బిందువు చుట్టూ తిప్పే ట్రైపాడ్ తల) ఉన్నవారి పని కొత్త బాడీ, మామూలు బాల్ హెడ్ (ఎటైనా వంగే గుండ్రటి తల) ఉన్నవారి పనికన్నా శుభ్రంగా వస్తుంది.

లెన్స్ ఎంపికను బట్టి ఫ్రేముల సంఖ్య మారిపోతుంది. ఫుల్‌ఫ్రేమ్ మీద 15 మి.మీ. ఫిష్ ఐని నిలువుగా పట్టుకుంటే అడ్డంగా 94 డిగ్రీలు, నిలువుగా 147 డిగ్రీలు పడతాయి. 60 డిగ్రీలకొకటి చొప్పున ఆరు ఫ్రేములు తీస్తే పక్కపక్క ఫ్రేములు ఒకదానిమీదొకటి 34 డిగ్రీలు పడతాయి. పైనా కిందా 16 డిగ్రీల వ్యాసార్ధంతో గుండ్రటి ఖాళీలు మిగులుతాయి. వాటికి జెనిత్ ఫ్రేము ఒకటి, నాదిర్ ఫ్రేము ఒకటి. మొత్తం ఎనిమిది. క్రాప్ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్నది) మీద 8 మి.మీ. ఫిష్ ఐకి కూడా ఇదే లెక్క నమ్మకంగా సరిపోతుంది.

కెమెరాతో వచ్చే 18-55 కిట్ లెన్స్‌తోనూ తీయవచ్చు. క్రాప్ సెన్సర్ మీద 18 మి.మీ. దగ్గర నిలువు ఫ్రేముకు పడేది 47 × 66 డిగ్రీలు. సమతలంలో 30 డిగ్రీలకొకటిగా 12 ఫ్రేములు, కెమెరాను 45 డిగ్రీలు పైకెత్తి పది, 45 డిగ్రీలు కిందికి వంచి పది, ఆపై జెనిత్, నాదిర్. మొత్తం 34. అదే 24 మెగాపిక్సెల్ క్రాప్ బాడీ అయితే 29,000 పిక్సెల్స్ వెడల్పు వస్తుంది. కళ్లు తిరిగేంత వివరం. కానీ బ్రాకెటింగ్‌తో కలిపితే ఫ్రేములు వంద దాటతాయి, అవన్నీ తీసేలోపు నీడలు జరుగుతాయి, జనం మారిపోతారు. మొదటిసారి ఫిష్ ఐతో మొదలుపెట్టమనే మా సలహా. అద్దెకైనా తెచ్చుకోండి.

పనో హెడ్‌లో ఉండేవి మూడే భాగాలు. కింద అంకెలేసిన రొటేటర్, దాని మీద అడ్డు పట్టా, దానికి నిలబెట్టిన చేయికి బిగించిన పై పట్టా. అడ్డు పట్టా కెమెరాను కుడి ఎడమలకు జరుపుతుంది, పై పట్టా ముందుకీ వెనక్కీ జరుపుతుంది. నోడల్ నింజా, మాన్‌ఫ్రోటో వంటి కంపెనీలవి దొరుకుతాయి. ఏది కొన్నా రొటేటర్‌లో టక్కుమని ఆగే గాట్లు ఉన్నదే కొనండి. చీకట్లో అంకెలు చూడకుండా చేతి స్పర్శతోనే 60 డిగ్రీలు తిప్పవచ్చు. ట్రైపాడ్‌కూ రొటేటర్‌కూ మధ్య బాల్ హెడ్ పెట్టకండి. అది జారుతుంది, పైగా నాదిర్ ఫ్రేములో ఎక్కువ నేలను కప్పేస్తుంది. చిన్న లెవెలర్ చాలు.

తిరిగే బిందువు

కెమెరాను పక్కకు తిప్పినప్పుడు దగ్గరి స్తంభం వెనకనున్న గోడ మీద జరిగినట్టు కనబడితే అది పారలాక్స్. రెండు ఫ్రేముల్లో స్తంభం వెనక వేర్వేరు శిల్పాలు కనబడుతుంటే ఆ రెండింటినీ కలిపే మార్గం గణితంలోనే లేదు. దీన్ని తప్పించాలంటే లెన్స్‌లోకి వెలుగు ప్రవేశించే ద్వారం, అంటే ముందునుంచి చూస్తే అపర్చర్ రంధ్రం ఉన్నట్టు కనబడే చోటు, సరిగ్గా రొటేటర్ అక్షం మీద ఉండాలి. చాలామంది దీన్ని నోడల్ పాయింట్ అంటారు. ఆప్టిక్స్‌లో నోడల్ పాయింట్ అనేది వేరే బిందువు, అయినా వాడుకలో అదే స్థిరపడిపోయింది.

ఎంత కచ్చితంగా ఉండాలి? పై 15 మి.మీ. ఉదాహరణలో ఆ ద్వారం అక్షానికి ఒక్క సెంటీమీటరు ముందుందనుకోండి. 60 డిగ్రీలు తిప్పితే అది ఒక సెంటీమీటరు పక్కకు జరుగుతుంది. మీటరు దూరంలో ఉన్న స్తంభం, దూరపు గోడ మీద దాదాపు 24 పిక్సెల్స్ జరుగుతుంది. స్తంభం రెండుగా చీలడానికి అది చాలు. అదే పది మీటర్ల అవతలి స్తంభమైతే జరిగేది రెండు మూడు పిక్సెల్స్. కొండ మీద, మైదానంలో చేత్తో తీసినవి కూడా బాగా అతుక్కోవడానికి, చిన్న గదిలో తీసినవి విడిపోవడానికి కారణం ఇదే. మండపంలో మిల్లీమీటరు లోపు సర్దాలి. ఇంటి దగ్గరే, తీరిగ్గా చేసుకోండి:

1. కెమెరాను నిలువుగా బిగించి, పై పట్టాను వంచి లెన్స్‌ను నిట్టనిలువుగా కిందికి చూపించండి. లైవ్ వ్యూలో గ్రిడ్ పెట్టి, ఫ్రేము నడిబొడ్డు రొటేటర్ మధ్యనున్న స్క్రూ మీద పడేదాకా అడ్డు పట్టాను జరపండి. రొటేటర్‌ను చుట్టూ తిప్పినా ఆ స్క్రూ ఫ్రేము మధ్యలోంచి కదలకూడదు. కుడి ఎడమల సర్దుబాటు ఇంతటితో అయిపోయింది.

2. కెమెరాను తిరిగి ముందుకు చూపించండి. లెన్స్‌కు అర మీటరు దూరంలో గుండు కట్టిన దారం వేలాడదీయండి. దాని వెనక ఇరవై మీటర్లకు పైగా దూరంలో ఒక కరెంటు స్తంభం గానీ కిటికీ అంచు గానీ ఉండాలి.

3. దారం, స్తంభం రెండూ ఫ్రేములో ఒక పక్కన పడేలా తిప్పి, లైవ్ వ్యూను పెద్దది చేసి వాటి మధ్య సందు చూడండి. ఇప్పుడు అవి రెండో పక్కన పడేలా తిప్పి మళ్లీ చూడండి.

4. కెమెరాను కుడికి తిప్పినప్పుడు దారం, దూరపు స్తంభంతో పోలిస్తే ఎడమకు జరిగిందంటే కెమెరా మరీ ముందుకు ఉంది. వెనక్కి లాగండి. దారం కుడికి జరిగితే ముందుకు నెట్టండి. ఒకసారికి రెండు మిల్లీమీటర్లు, చివర్లో అర మిల్లీమీటరు.

5. రెండు పక్కలా సందు ఒకేలా ఉన్నప్పుడు పట్టా మీది అంకె రాసిపెట్టుకోండి. లెన్స్ పేరు, ఫోకల్ లెంగ్త్, ఆ అంకె ఒక కాగితం ముక్క మీద రాసి హెడ్‌కే అతికించేస్తే మళ్లీ ఎప్పుడూ వెతుక్కోనక్కర్లేదు.

ఫిష్ ఐ వాడేవారికి ఇక్కడ ఒక కిటుకు. ఫిష్ ఐలో వెలుగు ద్వారం ఒకేచోట ఉండదు. వెలుగు పక్కనుంచి వచ్చేకొద్దీ అది ముందుకు జరుగుతుంది. అందువల్ల దారాన్ని ఫ్రేము చిట్టచివర పెట్టి పరీక్షిస్తే ఒక అంకె, మధ్యకు దగ్గరగా పెట్టి పరీక్షిస్తే ఇంకో అంకె వస్తాయి. అసలు కుట్టు పడే చోట పరీక్షించాలి. ఆరు ఫ్రేముల పద్ధతిలో కుట్టు మధ్య నుంచి 30 డిగ్రీల దగ్గర పడుతుంది. కాబట్టి దారం 30 డిగ్రీలు ఎడమన, తర్వాత 30 డిగ్రీలు కుడిన. గాట్లున్న రొటేటర్ ఉంటే ఈ కొలత దానంతటదే వస్తుంది.

మండపంలోకి అడుగుపెట్టే ముందు

లేపాక్షి ఆలయం భారత పురావస్తు సర్వే రక్షణలో ఉంది. అలాంటి కట్టడాల్లో ట్రైపాడ్ పెట్టాలంటే ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. గేటు దగ్గర బతిమాలితే పని జరగదు. గర్భాలయం వైపు కెమెరా తిప్పవద్దన్న చోట ఆ మాట పాటించండి. ఫ్లాష్ ఎక్కడా వద్దు. పూజ జరిగే సమయంలో మూడు కాళ్ల ట్రైపాడ్ దారికి అడ్డం పెట్టడం మర్యాద కూడా కాదు. ట్రైపాడ్ కాళ్లకు ఇనుప మొనలు కాకుండా రబ్బరు గుబ్బలు ఉండాలి. నూనె పడిన రాతి నేల మీద అవి కూడా జారతాయి, తుడుచుకుని పెట్టండి.

అనుమతి దొరకకపోతే దారం పద్ధతి ఉంది. దీన్ని ఫిలోపాడ్ అంటారు. లెన్స్ మీద వెలుగు ద్వారం ఉన్న చోట దారం కట్టి, కింద చిన్న గుండు వేలాడదీయాలి. నేల మీద ఒక రూపాయి బిళ్ల పెట్టి, గుండు ఎప్పుడూ ఆ బిళ్ల మీదే వేలాడేలా చూసుకుంటూ మీరు కెమెరా చుట్టూ తిరగాలి. మామూలుగా మనం కెమెరాను మన చుట్టూ తిప్పుతాం, తప్పు జరిగేది అక్కడే. ఈ పద్ధతిలో గుండు సెంటీమీటరు అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి స్తంభాలకు రెండు మీటర్లయినా దూరంగా నిలబడాలి. ఐఎస్ఓ పెంచి సెకనులో అరవయ్యో వంతుకన్నా వేగంగా తీయాలి. లోతైన నీడ వదులుకోవాల్సి వస్తుంది.

వేళ కూడా పనిని సగం నిర్ణయిస్తుంది. పలచటి మబ్బు పట్టిన రోజు బంగారం. అది దొరక్కపోతే పొద్దున పెందలాడే వెళ్లండి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ప్రాంగణం రాళ్లు తెల్లగా మండిపోతాయి, కప్పు మీది బొమ్మలు నల్లబడతాయి.

సెట్టింగులు

మాన్యువల్ మోడ్, ఎఫ్/8, ఐఎస్ఓ 100, రా. వైట్ బ్యాలెన్స్ ఏదో ఒకదానికి బిగించేయండి. ఆటోలో వదిలేస్తే ఒక ఫ్రేములో రాయి పసుపుగా, పక్క ఫ్రేములో నీలంగా వస్తుంది. మండపం మధ్యలో గ్రే కార్డు పట్టుకుని విడిగా ఒక ఫ్రేము తీసిపెట్టుకుంటే రంగులు తర్వాత సరిచూసుకోవచ్చు. వర్ణచిత్రాలున్న చోట ఇది మానకూడదు. లెన్స్ స్టెబిలైజేషన్ ఆపేయండి, ట్రైపాడ్ మీద అదే బ్లర్ తెస్తుంది. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ కూడా ఆపేయండి, లేకపోతే పొడవైన ఎక్స్‌పోజర్ తర్వాత మరో అంతసేపు నిలబడాలి. పోలరైజర్ ఉంటే తీసి సంచిలో పెట్టండి. ఆకాశం ఒక వైపు ముదురుగా, ఒక వైపు లేతగా వచ్చి ఆ చారలు చివరిదాకా వదలవు.

ఫోకస్ కూడా మాన్యువల్లోనే. ఫుల్‌ఫ్రేమ్ మీద 15 మి.మీ., ఎఫ్/8కి హైపర్‌ఫోకల్ దూరం దాదాపు మీటరు. అక్కడ ఫోకస్ పెడితే అర మీటరు నుంచి అనంతం దాకా షార్ప్‌గా ఉంటుందని పుస్తకం లెక్క. ఆ లెక్క పాతకాలపు ప్రింట్లకు వేసినది, ఈనాటి సెన్సర్ల పిక్సెల్స్‌ను జూమ్ చేసి చూస్తే దూరం కాస్త మెత్తగా ఉంటుంది. ఒకటిన్నర మీటర్ల దగ్గర పెట్టి, ఫోకస్ రింగు మీద టేపు అతికించేయండి.

ఎక్స్‌పోజర్‌కు ఒక లెక్క చూద్దాం. పూర్తి ఎండలో ఎఫ్/8, ఐఎస్ఓ 100 దగ్గర సెకనులో 500వ వంతు సరిపోతుంది. మండపం లోతుల్లో అదే ఎఫ్/8కి రెండు సెకన్లు పట్టవచ్చు. తేడా పది స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు). ఒక్క ఫ్రేములో ఇది ఇమడదు. రెండేసి స్టాపుల తేడాతో ఐదు ఫ్రేములు తీయండి: 1/500, 1/125, 1/30, 1/8, 1/2. రెండు సెకన్ల ఫ్రేము అక్కర్లేదు, అర సెకనులో పడిన నీడను రా ఫైలులో రెండు స్టాపులు లేపుకోవచ్చు. మీ కెమెరా మూడు ఫ్రేములే బ్రాకెట్ చేస్తే 1/250, 1/60, 1/15 తీసి, ఐఎస్ఓ 400కు పోకుండా 1/4 వేగంతో మరొకటి చేత్తో మార్చి తీయండి. వేగం మీట తిప్పేటప్పుడు హెడ్ కదలకుండా చూసుకోవాలి. షట్టర్‌కు రిమోట్ వాడండి, లేదంటే రెండు సెకన్ల టైమర్.

తీయడం

ట్రైపాడ్ ఎక్కడ పెట్టాలన్నది కొలతతో తేలే విషయం కాదు. సరిగ్గా మండపం నడిమధ్య పెడితే అన్ని స్తంభాలూ సమాన దూరంలో, ఒకే సైజులో వచ్చి దృశ్యం చప్పబడుతుంది. ఒక మంచి శిల్పం ఉన్న స్తంభానికి మీటరున్నర దూరంలో, కప్పు మీది బొమ్మ కూడా నేరుగా పైన ఉండేలా కాస్త పక్కకు పెట్టండి. చూసేవారికి దగ్గర, దూరం రెండూ తెలుస్తాయి. ఎత్తు మనిషి కంటి మట్టానికి, దాదాపు ఒకటిన్నర మీటర్లు. వీఆర్ హెడ్‌సెట్‌లో చూస్తే ఎత్తు తేడా ఒంటికే తెలిసిపోతుంది: మీటరు ఎత్తులో తీస్తే చిన్నపిల్లాడిలా, రెండు మీటర్లలో తీస్తే గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది. ట్రైపాడ్ కాళ్లు మరీ వెడల్పుగా చాపకండి, అవి కప్పిన నేలను తర్వాత మీరే పూడ్చాలి.

కదిలేవి ఉన్న దిక్కుతో మొదలుపెట్టండి. జనం వచ్చే ద్వారం వైపు ఖాళీ దొరికిన క్షణాన ఆ ఫ్రేము, దాని రెండు పక్కలవి తీసేస్తే మిగతావి నిదానంగా తీసుకోవచ్చు. ప్రతి తిప్పు తర్వాత మూడు సెకన్లు ఆగండి, చేయి చాపి బిగించిన కెమెరా ఊగుతూ ఉంటుంది. ఎవరైనా కుట్టు పడే చోట నిలబడి ఉంటే వారు కదిలాక అదే ఫ్రేము మళ్లీ తీయండి. ఎండ నేరుగా లెన్స్‌లో పడే ఫ్రేమును రెండుసార్లు తీయాలి: ఒకటి మామూలుగా, ఇంకొకటి సూర్యుడిని బొటనవేలితో కప్పి. మొదటిదానిలో సూర్యుడు, రెండోదానిలో ఫ్లేర్ లేని మిగతా భాగం మాస్కులతో కలుపుకోవచ్చు.

ఆరు దిక్కులూ అయ్యాక కెమెరాను నిట్టనిలువుగా పైకెత్తి జెనిత్ తీయండి. బయట నీలాకాశమే ఉంటే ఇది లాంఛనం. ఇక్కడ కప్పే అసలు విషయం. ఆరు ఫ్రేముల్లో కప్పు పడేది ఫిష్ ఐ అంచుల్లో, అక్కడ వివరం మెత్తగా ఉంటుంది. అందుకని కెమెరాను 50 డిగ్రీల దాకా పైకెత్తి 90 డిగ్రీలకొకటిగా మరో నాలుగు తీసుకోండి. రంగుల గీతలు లెన్స్ మధ్యభాగంలో పడి స్పష్టంగా వస్తాయి.

ఇక నాదిర్. కొత్తవారు ఎక్కువగా వదిలేసేది ఇదే. ట్రైపాడ్ నడిమధ్య కింద నేల మీద ఒక బిళ్ల పెట్టండి. రక్షిత కట్టడం నేల మీద సుద్దముక్కతో కూడా గీయకూడదు. ఇప్పుడు ట్రైపాడ్‌ను అర మీటరు పైగా వెనక్కి జరిపి, రెండు కాళ్లు ముందు, ఒక కాలు వెనక ఉండేలా నిలబెట్టి ముందుకు వంచండి. కెమెరా అదే ఎత్తులో సరిగ్గా బిళ్ల మీదికి వచ్చి కిందికి చూడాలి. వెనక కాలిని చేత్తో గట్టిగా పట్టుకోండి, లేకపోతే మొత్తం బోర్లా పడుతుంది. బిళ్ల తీసేసి, బ్రాకెట్ మొత్తం తీయండి. తర్వాత ఎదుటి వైపు నుంచి ఇంకోసారి. రెండింటిలో కాళ్లు, నీడ వేర్వేరు చోట్ల పడతాయి కాబట్టి నేల మొత్తం ఏదో ఒకదానిలో దొరుకుతుంది.

సెట్ అయిపోయాక అరచేతిని ఒక ఫొటో తీయండి. ఇంటికొచ్చి వందల ఫ్రేముల్లో ఏ మండపం ఎక్కడ ముగిసిందో ఆ చేయే చెబుతుంది.

కుట్టడం

ఈ రంగంలోని సాఫ్ట్‌వేర్లకు మూలం హెల్ముట్ డెర్ష్ 1998లో విడుదల చేసిన పనోరమా టూల్స్. డబ్బు పెట్టి కొనేవాటిలో పీటీగుయ్, ఉచితంగా దొరికేవాటిలో హుగిన్, రెండూ ఆ వంశంవే. మొదట రా ఫైళ్లన్నింటికీ ఒకే వైట్ బ్యాలెన్స్ వేసి, 16 బిట్ టిఫ్‌లుగా మార్చండి. లెన్స్ ప్రొఫైల్ కరెక్షన్ మాత్రం ఇక్కడ వేయకండి. వంపును కొలిచి సరిచేయడం స్టిచింగ్ సాఫ్ట్‌వేర్ పని, ముందే మనం సరిచేస్తే దాని లెక్క తప్పుతుంది.

ముందు ఆరు దిక్కులు, పై ఫ్రేములు మాత్రమే ఎక్కించి అలైన్ చేయండి. లెన్స్ రకం ఫిష్ ఐ అని చెప్పడం మరవకండి. కంట్రోల్ పాయింట్ల (రెండు ఫ్రేముల్లో ఒకే చోటును గుర్తించే జంట బిందువుల) సగటు దూరం రెండు మూడు పిక్సెల్స్ లోపుంటే తిరిగే బిందువు బాగా కుదిరినట్టే. ఎక్కువుంటే కంగారుపడి పాయింట్లు చెరిపేయకుండా పట్టిక చదవండి. దూరపు పాయింట్లన్నీ బాగుండి దగ్గరి స్తంభాల మీదివే పాడైతే అది పారలాక్స్, హెడ్ మీది అంకె సరిచూసుకోవాలి. ఒకే ఫ్రేముకు చెందినవన్నీ పాడైతే ఆ సమయంలో ట్రైపాడ్ కదిలింది. అక్కడక్కడా ఒకటీ అరా పాడైతే అవి కదిలే మనుషుల మీదో, ఒకేలా ఉన్న రెండు చెక్కడాల మీదో పడ్డ పాయింట్లు. వీటినే నిర్భయంగా చెరిపేయండి. వరసగా ఒకేలాంటి స్తంభాలున్న మండపాల్లో సాఫ్ట్‌వేర్ ఒక స్తంభాన్ని పక్కదని పొరబడటం మామూలే.

బయట తీసిన జెనిత్‌లో ఉత్త నీలాకాశం ఉంటే పాయింట్లే దొరకవు. హెడ్ కోణాలు మీకు తెలుసు కాబట్టి, ఒకసారి బాగా కుదిరిన పనోరమాను టెంప్లేట్‌గా దాచుకుని దాన్నే ఇక్కడ వేయండి.

నిలువు గీతలు సరిచేయడానికి స్తంభాల అంచుల మీద నిలువు కంట్రోల్ పాయింట్లు పెట్టాలి. వేర్వేరు దిక్కుల్లో నాలుగు స్తంభాలు తీసుకోండి. ఒకటే తీసుకుంటే, అది నిజంగానే కొంచెం ఒరిగి ఉంటే మండపమంతా ఒరుగుతుంది. ఈ ఆలయంలోని వేలాడే స్తంభం దీనికి అసలు పనికిరాదు. నేలకు ఆనకుండా వేలాడుతున్నట్టుండే ఆ స్తంభం నిటారుగా ఉందన్న భరోసా లేదు.

తర్వాత నాదిర్ ఫ్రేములు కలపండి. అవి వేరే నిలుపు నుంచి తీసినవి కాబట్టి మామూలుగా అతకవు. పీటీగుయ్ ప్రోలో వ్యూపాయింట్ కరెక్షన్, హుగిన్‌లో కెమెరా స్థానచలనం అనే అంకెలు దీనికోసమే ఉన్నాయి. ఇవి పనిచేసేది ఒకే సమతలం మీదున్న వాటికే. అందువల్ల నేల మీది రాతి పలకల అతుకుల మీద మాత్రమే చేత్తో పది పన్నెండు పాయింట్లు పెట్టి, నేల కానిదంతా మాస్క్ చేసేయండి. అడుగున గుండ్రటి లోగో అతికించి చేతులు దులుపుకోవడం చాలామందికి అలవాటు. ఐదు వందల ఏళ్ల నాటి నేల మీద మన ముద్ర వేయడం మాకు నచ్చదు. నేల కూడా దృశ్యంలో భాగమే.

బ్రాకెట్ల కలయికకు ఎక్స్‌పోజర్ ఫ్యూజన్ (ఒక్కో ఫ్రేములో బాగా పడిన భాగాలను ఏరి కలపడం) చాలు. హెచ్‌డీఆర్ టోన్ మ్యాపింగ్ స్లైడర్లు ఎడాపెడా లాగితే నీడ అన్నదే లేకుండా పోయి, సున్నం మీద పూసిన మట్టిరంగులు ప్లాస్టిక్ పెయింట్‌లా తయారవుతాయి. మండపం కాస్త చీకటిగా, ప్రాంగణం కాస్త మండుతూనే ఉండనివ్వండి. అక్కడ నిలబడ్డ కంటికి కనబడేదీ అదే.

అంచుల దగ్గర జాగ్రత్త

ఫైలు ఎడమ అంచు, కుడి అంచు నిజానికి ఒకే గీత. కానీ ఫొటోషాప్‌కు, జింప్‌కు ఆ సంగతి తెలియదు. షార్పెనింగ్, క్లారిటీ, నాయిస్ తగ్గింపు వంటివి వేస్తే రెండు అంచుల్లో వేర్వేరుగా పనిచేసి, చూసేవారి వీపు వెనక నిలువు గీత తేలుతుంది. ప్రతి ఫిల్టర్ తర్వాత ఆఫ్‌సెట్‌తో బొమ్మను సగం వెడల్పు పక్కకు జరిపి, ఇప్పుడు మధ్యకు వచ్చిన ఆ అతుకును చూసి సరిచేయండి. వీలైతే అలాంటి ఫిల్టర్లన్నీ కుట్టకముందే, విడి ఫ్రేముల మీదే వేసేయండి. జెనిత్, నాదిర్ దగ్గర నేరుగా బ్రష్ పెడితే నక్షత్రంలా ముడతలు పడతాయి. ఆ రెంటినీ ఘనం ముఖాలుగా విడదీసి, చదునైన చతురస్రం మీద సరిచేసి తిరిగి కలపాలి.

లోకానికి చూపించడం

జేపెగ్ 90 నాణ్యత, వెడల్పు 12,000 పిక్సెల్స్ దాకా ఉంటే చాలా చోట్లకు సరిపోతుంది. ఫైలులో ఎక్స్‌ఎంపీ సమాచారం (బొమ్మతో పాటు దాగి ఉండే వివరాల చీటీ), అందులో ప్రొజెక్షన్ రకం ఈక్విరెక్టాంగ్యులర్ అని ఉండాలి. ఫొటోషాప్‌లో సేవ్ ఫర్ వెబ్ వాడితే ఇది చెరిగిపోవచ్చు. ఫేస్‌బుక్‌లో బొమ్మ తిరగకుండా పొడుగ్గా అతుక్కుపోయి కనబడితే మొదట చూడాల్సింది ఇదే. సొంత వెబ్‌సైట్‌లో పెట్టేవారికి ఉచితంగా పానెల్లం, మార్జిపానో ఉన్నాయి, డబ్బు పెట్టగలిగితే కేఆర్‌పానో. పెద్ద ఫైలును ముక్కలుగా కోసి, చూస్తున్న ముక్కనే పంపే మల్టీరిజల్యూషన్ పద్ధతి పెట్టండి. చాలా ఫోన్లు ఒకేసారి 4,096 లేదా 8,192 పిక్సెల్స్ వెడల్పుకు మించి మోయలేవు, అంతకన్నా పెద్ద బొమ్మ పంపితే నల్లటి తెర కనబడుతుంది.

తెరవగానే కనబడే చూపును మీరే నిర్ణయించండి. సాఫ్ట్‌వేర్ ఇచ్చింది వదిలేస్తే చాలాసార్లు ఏదో ఖాళీ గోడ ఎదురవుతుంది. ఈ మండపంలోనైతే దగ్గరి స్తంభం శిల్పం ఒక పక్కన, కప్పు అంచు కాస్త కనబడేలా పది పదిహేను డిగ్రీలు పైకి చూపించండి. పైన ఏదో ఉందని తెలిస్తేనే చూసేవారు వేలితో కిందికి లాగుతారు. కొత్తవారిలో చాలామంది పక్కలకే తిప్పి ఆగిపోతారు.

రా ఫైళ్లు, స్టిచింగ్ ప్రాజెక్ట్ ఫైలు, 16 బిట్ టిఫ్ మూడూ రెండు వేర్వేరు డిస్కుల్లో దాచండి. తీసిన తేదీ, ట్రైపాడ్ పెట్టిన స్తంభాల వరస, కెమెరా ఎత్తు పక్కన ఒక చిన్న ఫైలులో రాసిపెట్టండి. కొన్నేళ్ల తర్వాత అదే నిలుపు నుంచి మళ్లీ తీసి, కప్పు మీది రంగు ఎక్కడ రాలిందో పక్కపక్కన పెట్టి చూడాలంటే ఆ మూడు అంకెలూ కావాలి.